ఇల్లు కుదిర్చే చేయి

మనామాలోని జుఫైర్‌లోనో, సముద్రాన్ని పూడ్చి కట్టిన అమ్వాజ్ దీవుల్లోనో ఫ్లాట్ కొనాలనుకునే తెలుగు కుటుంబానికి మంచి బ్రోకర్ దొరకడం అదృష్టమే. బహ్రెయిన్‌లో విదేశీయులు సొంతంగా కొనుక్కోగల ప్రాంతాలు కొన్నే. అవేవో అతను మొదటే చెబుతాడు. 2017 నాటి 27వ నంబరు చట్టం ప్రకారం అక్కడి స్థిరాస్తి నియంత్రణ సంస్థ ‘రేరా’ లైసెన్సు ఉన్నవారే ఈ పని చేయాలి. ఎవరూ అడగకముందే అతను తన లైసెన్సు చూపిస్తాడు.

బాల్కనీలోంచి సముద్రం చూపించి ఊరుకోడు. ఏసీలన్నీ వేయిస్తాడు, కుళాయిలు తిప్పి చూస్తాడు, ఆగస్టు ఎండ ఏ గదిని కాలుస్తుందో చెబుతాడు. సర్వీసు చార్జీలు, కరెంటు, నీళ్ల బిల్లుల బాకీ లేదని కాగితాలు తెప్పిస్తాడు.

అమ్మేవారికీ అంతే మేలు చేస్తాడు. పక్క ఫ్లాటు ఎంతకు పోయిందో చూపించి సరైన ధర చెప్పిస్తాడు. లీకులు బాగుచేయించి, రంగులు వేయించాకే మనుషుల్ని తీసుకొస్తాడు. రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతమనీ, 60 రోజుల్లోపు కడితే 1.7 శాతమేననీ కొనేవారికి గుర్తుచేస్తాడు.

ఏళ్ల తరబడి కూడబెట్టిన దీనార్లు చేతులు మారే వేళ ఇరుపక్షాలకూ నిజం చెప్పి నిలబడే ఈ వృత్తికి కమీషన్‌తో పాటు గౌరవమూ దక్కాలి.