పెద్దమాంసానికి ఇంగ్లీషు పేరు

మా అత్తిలిలో, మా ఇంట్లో, ఒక ఆదివారం స్టేక్ వండారు. వండింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా పిల్లవాడు. గాలి తీసేసి అంటించిన ప్లాస్టిక్ సంచిని ఐసు డబ్బాలో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. సంచి మీద బంగారు రంగు అక్షరాలతో 'ప్రీమియం టెండర్‌లాయిన్' అని ఉంది. పక్కనే హలాల్ ముద్ర. మేం కిలో పెద్దమాంసానికి పెట్టే డబ్బుకి ఎన్నో రెట్లు పెట్టి కొన్నాడు. ఇనప పెనం పొగలొచ్చేదాకా కాల్చి, తడి తుడిచి ఉప్పూ మిరియాలూ అద్దిన లావుపాటి ముక్కని దాని మీద వేశాడు. వంటిల్లంతా పొగ. వాళ్లమ్మ అలవాటు కొద్దీ లేచి వీధి వైపు కిటికీ మూసింది. అయినా పెరట్లో పిట్టగోడ అవతల్నించి పక్కింటావిడ అడగనే అడిగింది.

"ఏం వండుతున్నారండీ వదినగారూ, వాసన భలే వస్తోంది?"

వాళ్లమ్మ నోరు తెరిచేలోపే పిల్లవాడు అందుకున్నాడు. "స్టేక్ అండీ పిన్నిగారూ!"

"అదేదో ఇంగ్లీషు వంటలా ఉందే! మా అబ్బాయిక్కూడా నేర్పించు బాబూ" అని ఆవిడ నవ్వుకుంటూ లోపలికెళ్లిపోయింది.

అప్పుడు వాళ్లమ్మ అన్న మాటే మా చేత ఈ వ్యాసం రాయిస్తోంది. "నలభై ఏళ్లుగా కిటికీ మూసుకుని వండుతున్నాన్రా. ఎవరడిగినా మటన్ అని అబద్ధం చెప్పాను. ఇంగ్లీషులో చెప్తే సరిపోతుందని నాకెవరూ చెప్పలేదే!"

ఒకే మాంసానికి మన భాషలో ఎన్ని పేర్లున్నాయో చూడండి. ఊరివాళ్లు పెట్టిన పేరు గొడ్డుమాంసం. గొడ్డు అంటే పశువు. పిల్లల్లేని ఆడదాన్ని తిట్టడానికీ అదే మాట. రెక్కలు ముక్కలు చేసుకునే వాడి పని గొడ్డుచాకిరీ. అంటే ఆ మాటలో మాంసం కన్నా తిట్టు ఎక్కువ. తినేవాళ్లు పెట్టుకున్న పేరు పెద్దమాంసం. తెలంగాణలో పెద్దకూర. మా ఇళ్లలో బడాగోష్. ఈ పేర్లు మర్యాదైనవే, కానీ సగం దాచిపెట్టినవి. జంతువు పేరు చెప్పవు, సైజు మాత్రం చెప్తాయి. చిన్నదేదో అందరికీ తెలుసు కాబట్టి పెద్దదేదో ఎవరికి వాళ్లు అర్థం చేసుకోవాలి. తర్వాత వచ్చింది బీఫ్. హోటలు బోర్డు మీదా, విద్యార్థుల ఉద్యమాల్లోనూ నిలబడ్డ మాట అది. చివరికి వచ్చింది స్టేక్. ఇందులో జంతువూ లేదు, కులమూ లేదు, మతమూ లేదు. ఉన్నది డబ్బొకటే.

ఇది మన ఒక్కరి భాషకే పట్టిన జబ్బు కాదు. ఇంగ్లీషులో కొట్టంలో ఉన్న పశువుకి దాన్ని మేపే సాక్సన్ కూలీల మాట, పళ్లెంలోకి వచ్చిన మాంసానికి దాన్ని తినే నార్మన్ ప్రభువుల ఫ్రెంచి మాట నిలిచాయి. బీఫ్ అన్నది ఆ ఫ్రెంచి మాటే. మేపేవాడి భాష కొట్టంలో, తినేవాడి భాష బల్ల మీద. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండ్‌లో జరిగింది ఇప్పుడు మా అత్తిలి వంటింట్లో జరుగుతోంది. కాకపోతే ఇక్కడ ప్రభువుల మాట ఇంగ్లీషు.

సరే, ఆ బంగారు అక్షరాల సంచిలో ఉన్నదేమిటి? మన రాష్ట్రంలో 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవునీ దూడనీ కొయ్యకూడదు. ఎద్దుకైనా దున్నపోతుకైనా గేదెకైనా పాలకీ పనికీ ఈతకీ పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. కాబట్టి మర్యాదగల షాపులో అమ్మే ఆ స్టేక్ కూడా చాలావరకు దున్నపోతు మాంసమే. మేం కిటికీ మూసుకుని వండుకునేదీ అదే. దాన్ని అమ్మిందెవరు? మా చుట్టుపక్కల డెల్టా రైతే. ఒకప్పుడు దమ్ములో దున్న లేనిదే వరిచేను లేదు. ఇప్పుడు ట్రాక్టర్లొచ్చాయి. పాలివ్వని మగదూడనీ వట్టిపోయిన గేదెనీ మేపే స్థోమత ఏ చిన్నరైతుకీ లేదు. సంతకి తోలుకెళ్తాడు, బేరగాడికి అమ్ముతాడు, ఆ డబ్బుతో పాడిగేదె కొనుక్కుంటాడు. 2017 మే నెలలో కేంద్రం సంతల్లో కోతకి పశువుల్ని అమ్మకూడదని నిబంధనలు తెచ్చినప్పుడు దెబ్బ మొదట తగిలేది ఈ రైతుకే. ఆ జూలైలో సుప్రీంకోర్టు వాటిని ఆపింది. సంత దాకా ఈ వ్యవహారం అందరిదీ. కత్తి దగ్గరికొచ్చేసరికి మాత్రం సాయిబు ఒక్కడే మిగులుతాడు.

ఇప్పుడు ముక్క దగ్గరికే వద్దాం. టెండర్‌లాయిన్ అంటే వెన్నెముక లోపలివైపు పొడవునా ఉండే కండ. మన కసాయిల మాటలో అండర్‌కట్. ఒక్కో పశువుకి రెండే ఉంటాయి. నడవడానికీ బరువు లాగడానికీ ఆ కండకి పెద్ద పని ఉండదు. అందుకే మెత్తగా ఉంటుంది. వేడి పెనం మీద నాలుగు నిమిషాలు తిప్పితే చాలు. కాళ్లూ భుజాలూ మెడా అలా కాదు. జీవితమంతా పనిచేసిన కండలవి. వాటిలో గట్టి నారలుంటాయి. సన్నటి మంట మీద గంటల తరబడి ఉడికితేనే ఆ నారలు కరిగి జిగురై పులుసుకి చిక్కదనం ఇస్తాయి. అంటే పని చేయని కండకి ప్రీమియం ధర, గొడ్డుచాకిరీ చేసిన కండ చౌక! మనుషుల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

మాకు ఎప్పుడూ దక్కింది ఆ చౌక కండే. దాన్ని తినేట్టు చేసింది మా ఆడవాళ్లు. ఆదివారం తెల్లారకుండా తెచ్చిన మాంసాన్ని నాలుగు నీళ్లు కడగాలి. కండ అడ్డంగా, చిన్నచిన్నగా కొయ్యాలి. పచ్చిబొప్పాయి నూరి పట్టించి నాననివ్వాలి. తాడేపల్లిగూడెం మార్కెట్ ఉల్లిపాయలు దండిగా వేయించాలి. కుక్కర్లు రాని రోజుల్లో కట్టెల పొయ్యి ముందు పొద్దు తిరిగేదాకా కూర్చోవాలి. మిగిలింది ఉప్పూ పసుపూ పట్టించి తాడుకి గుచ్చి ఎండబెట్టి ఉప్పుకండ చేయాలి. అదీ వీధిలోకి కనపడకుండా పెరట్లో! స్టేక్ వండటం కళ అని మా పిల్లవాడు అరగంట చెప్పాడు. ముక్కని పెనం మీంచి తీశాక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలనీ, అప్పుడే రసం కారిపోకుండా ఉంటుందనీ చెప్పాడు. నిజమే, కళే. మరి వాళ్లమ్మ నలభై ఏళ్లు చేసిందేమిటి? దాన్ని కళ అని ఏ పత్రిక వంటల పేజీ రాసింది? హైదరాబాద్‌లో బండరాయిని నిప్పుల మీద కాల్చి దాని మీద మాంసం కాల్చే పత్థర్ కా గోష్ ఉంది. పల్చగా పరిచి కొట్టి వండే పసందే ఉంది. అది మన స్టేక్ కాదా? ఎవరన్నా కాదన్నారా? కాదనలేదు. అసలు అడగనేలేదు.

ముక్క కొయ్యగానే ఎర్రటి రసం కారింది. మా ఇంట్లో పెద్దావిడ "నెత్తురు హరాం కదరా" అని పళ్లెం పక్కకి జరిపింది. షరియత్ కాదన్నది జబహ్ చేసినప్పుడు పారే నెత్తుర్ని. అది అప్పుడే పోయింది. కండలో మిగిలిన ఎర్రరసం నీళ్లూ మయోగ్లోబిన్ అనే మాంసకృత్తూ. ఇష్టం లేకపోతే ఇంకాస్త కాల్చుకోవచ్చు. పిల్లవాడు అలాగే చేశాడు. పెద్దావిడ తింది. మతం దగ్గర ఇంత సులువుగా తెమిలిన సంగతి, వీధిలో ఇన్నేళ్లయినా తెమలదు. పెద్దమాంసం తినడం మా మతంలో ఫర్జ్ కాదు. తినకపోయినంత మాత్రాన ఎవరూ ముస్లిం కాకుండా పోరు. మేం తిన్నది చౌక కాబట్టి, బలం కాబట్టి, రుచి కాబట్టి. మా గోదావరి జిల్లాల మాల మాదిగ పేటల్లో తిన్నదీ అందుకే.

ఒంగోలు గిత్త సంగతీ చెప్పుకోవాలి. ఆ జాతి పశువుల్ని 19వ శతాబ్దం నుంచే ఓడల్లో బ్రెజిల్ పట్టుకెళ్లారు. 1960లలో వెళ్లిన వాటిలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు మోసిన ఆబోతు అక్కడి మందలకి మూలపురుషుల్లో ఒకటైంది. ఆ జాతిని అక్కడ 'నెలోర్' అంటారు. మన నెల్లూరు పేరే! బ్రెజిల్ మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ జాతివే. గొడ్డుమాంసం ఎగుమతిలో ప్రపంచానికి మొదటి దేశం ఆ బ్రెజిలే. ఏ గల్ఫ్ హోటల్లోనో స్టేక్ తింటున్న తెలుగువాడి పళ్లెంలో ఉన్నది మన ఊరి గిత్త మునిమనవడే కావచ్చు. ఇక్కడ పందెంలో బండ లాగితే తెలుగువాడి పౌరుషం, అక్కడ పళ్లెంలోకొస్తే ప్రీమియం. మధ్యలో మా గిన్నెలో ఉడికితేనే అపచారం.

ఇక మన సాహిత్యం. 1991లో 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబర్ 6 తర్వాత మా దుఃఖానికి మాటలొచ్చాయి. 1998లో 'జల్‌జలా' ముస్లిం కవుల్ని ఒకచోట చేర్చింది. 'దర్గామిట్ట కతలు' కోస్తా ముస్లిం ఇంటి లోపలికి తెలుగు పాఠకుణ్ని చేయి పట్టుకుని తీసుకెళ్లాయి. ఇవి లేకపోతే మేం ఇవాళ ఇలా రాయగలిగేవాళ్లం కాదు. అయినా మాలో మేం ఒక మాట అనుకోవాలి. మా కవిత్వంలో చాలాసార్లు పెద్దమాంసం జెండా అయింది గాని కూర కాలేదు. అవమానం ఉంది, ధిక్కారం ఉంది. కడిగిన చెయ్యి లేదు, మూసిన కిటికీ లేదు, కోసిన ఖురేషీ అసలే లేడు. 2007 చట్టంలో బీసీ-ఈ జాబితాలో ఖురేషీల పేరు చేరింది. మా కథల్లో ఎప్పుడు చేరుతుంది? షేకులమనీ సయ్యదులమనీ చెప్పుకునే మనం ఖురేషీల ఇంటికి పిల్లనిస్తున్నామా? పెళ్లి దావత్‌లో ఛోటాగోష్ పెట్టకపోతే పరువు పోయిందని ఏడ్చేది మనం కాదా? బడాగోష్‌ని తక్కువ చూపు చూసింది పక్కింటివాళ్లే కాదు, మనం కూడా. ఇవాళ మన పిల్లలు కసాయి కొట్టు వాసన భరించలేక ఫోన్లో స్టేక్ తెప్పించుకుంటుంటే, అది ఎదుగుదల అని మురిసిపోతున్నదీ మనమే.

అభ్యుదయ మిత్రులతోనూ ఒక మాట. మీరు పండక్కి మా ఇంటికొచ్చి పెద్దమాంసం తిని, "మేం మీ ఇంట్లో బీఫ్ తిన్నాం తెలుసా" అని పదిమందికీ చెప్పుకుంటారు. సంతోషమే. కానీ మా అన్నం మీ లౌకికత్వానికి సర్టిఫికెట్ కాదు. అద్దె ఇంటి ఓనరు "మీరేం తింటారు?" అని మమ్మల్ని అడిగినప్పుడు మీరు పక్కనుంటే చాలు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు బీఫ్ పండగ చేసుకుంటే గొడవలయ్యాయి. 2016 ఆగస్టులో మన కోనసీమ అమలాపురంలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని గోరక్షకులమంటూ కొట్టారు. తినేవాడు ఒక చోట, తోలు తీసేవాడు ఇంకో చోట. కొట్టే చెయ్యి ఒకటే.

ఇంగ్లీషు పేరుతో బతికిపోవచ్చని మా పిల్లవాడి నమ్మకం. 2015 సెప్టెంబర్ 28 రాత్రి దాద్రీ దగ్గర మహమ్మద్ అఖ్లాక్‌ని మూక కొట్టి చంపింది, ఇంట్లో ఉన్న మాంసం ఏమిటన్న పుకారు మీద. తర్వాత ఆ మాంసాన్ని పరీక్షలకి పంపారు. మనిషి ప్రాణం పోయాక మాంసం పేరు కోసం వెతుకులాట! ఆ ఫ్రిజ్‌లో ప్యాకెట్ మీద 'ప్రీమియం స్టేక్' అని బంగారు అక్షరాలుంటే మూక ఆగేదా? ఆగదు. ఆ పేరు అమ్మే షాపుకి రక్షణ గాని, తినే ముస్లింకి కాదు. పేరు మార్చుకుని తినడం మటన్ అని చెప్పి తినడానికి తమ్ముడే.

అందుకే మేం మా పిల్లవాడితో అన్నాం. పిన్నిగారి అబ్బాయికి వంట నేర్పే ముందు అదేం మాంసమో ఆవిడకి చెప్పు. తెలియక తినిపించడం మన పద్ధతి కాదు. దాచి బతకడం ఇక చాలు. వాళ్లమ్మ భయపడింది. ఇరవై ఏళ్ల పొరుగు. పండక్కి సేమియా అటు వెళ్తుంది, సంక్రాంతికి అరిసెలు ఇటు వస్తాయి. అయినా పిట్టగోడ దగ్గరికి తనే వెళ్లి చెప్పింది.

ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "మీరేం తింటే నాకేంటి గానీ, ఇన్నేళ్లూ నాతో మటన్ అని చెప్పారే వదినగారూ!"

ఆ మాటకి ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఎందుకు చెప్పలేకపోయామో రాయాలి. ఆ కిటికీ ఎవరు మూయించారో, అందులో మా చెయ్యెంతో, ఊరి చెయ్యెంతో రాయాలి. ఆవిడ చదివేట్టు తెలుగులోనే రాయాలి.