దబీరు కాగితం, వలందా వర్తకం: హావర్ట్ గ్రంథం వెలుగులో డచ్చి పతనం

1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన డేనియల్ హావర్ట్ గ్రంథం పేరును తెలుగు చేస్తే ‘కోరమాండల్ ఉత్థాన పతనాలు’ అవుతుంది. గోల్కొండ రాజ్యంలో డచ్చి తూర్పు ఇండియా కంపెనీ ఉద్యోగిగా ఏళ్ళ తరబడి పనిచేసి, పారశీకం నేర్చి, సాదీ ‘బూస్తాన్’ను డచ్చి భాషలోకి తెచ్చిన రచయిత ఇతడు. గ్రంథం వెలువడేనాటికి కంపెనీ ఐశ్వర్యం చెక్కుచెదరలేదు. దాని రద్దుకు ఇంకా నూరేళ్ళకు పైగా గడువుంది. అయినా హావర్ట్ ‘పతనం’ అన్న మాటను శీర్షికలోనే నిలిపాడు. ఆ మాటను యథార్థంగా స్వీకరిస్తే, డచ్చి పతనానికి సాధారణంగా చెప్పే కారణాల క్రమం మారుతుంది.

ఆ కారణాలు సుపరిచితాలే. ఉద్యోగుల అవినీతి, సొంత వ్యాపారాలు, ఇంగ్లీషువారి పోటీ, 1780-84 నాటి నాలుగవ ఆంగ్లో-డచ్చి యుద్ధం, చివరకు 1799 డిసెంబరు 31న కంపెనీ రద్దు. కంపెనీ పేరులోని పొడి అక్షరాలకు ‘అవినీతిలో మునిగింది’ అని అర్థం చెప్పే ఛలోక్తి కూడా ఒకటి ప్రచారంలో ఉంది. ఛలోక్తిగా అది బాగానే ఉన్నది, కారణంగా నిలవదు. సొంత వ్యాపారంలో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగులు డచ్చివారికి ఏమాత్రం తీసిపోలేదు. ఒకే దోషం ఒక కంపెనీని ముంచి, మరొకదాన్ని రాజ్యాధిపత్యానికి ఎక్కించిందనడం తర్కానికి పొసగదు.

తేడాను వెదకవలసిన చోటు హైదరాబాద్ పాతనగరంలో ఒక పేరుగా మిగిలి ఉంది. మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ ప్రారంభించగా మొదటి ఆసఫ్‌జా పూర్తి చేసిన నగర ప్రాకారానికి నేడు మిగిలిన దర్వాజాలు రెండు: పురానాపూల్, దబీర్‌పురా. దర్వాజా కుతుబ్‌షాహీల తరువాతిదే గాని, ‘దబీరు’ అన్న మాట వారి కొలువుది. పారశీకంలో దబీరు అంటే లేఖకుడు. గోల్కొండలో రాజపత్రాలు రాయించే ఉన్నతాధికారి. మచిలీపట్నంలో డచ్చివారు నివసించిన చోటు వలందపాలెం. ఆ పాలెం ఐశ్వర్యానికి మూలం ఈ దబీర్ల కొలువులో రాసిన కాగితం. 1606లో గోల్కొండతో కుదిరిన ఒడంబడిక ప్రకారం డచ్చివారు చెల్లించవలసిన సుంకం నూటికి నాలుగు. తరువాత మచిలీపట్నంలో అది ఏటా 3,000 వరహాల స్థిర మొత్తంగా మారింది. 1632లో ఇంగ్లీషువారు బంగారు ఫర్మానా పొంది 500 వరహాలతో సరిపెట్టుకొన్నారు. తెలుగు నేతగాళ్ళ బట్టలు కొని మలయా ద్వీపాలకు పంపి, వాటికి మారుగా సుగంధద్రవ్యాలు సంపాదించే వర్తకమంతా ఈ షరతులపై ఆధారపడింది.

1686లో గోల్కొండతో తగాదా ముదిరి కంపెనీ మచిలీపట్నాన్ని బలప్రయోగంతో ఆక్రమించింది. అదే ఏడు అక్కన్న మాదన్నలు హతులయ్యారు. మరుసటి ఏడు గోల్కొండ కోట ఔరంగజేబు వశమైంది. ఓడలు, కోటలు, మూలధనం కంపెనీ చేతిలో యథాతథంగా ఉన్నాయి. విలువ కోల్పోయింది కుతుబ్‌షాహీ ముద్ర ఉన్న కాగితం. 1689లో యోహానెస్ బాకెరుస్ రాయబారిగా ఔరంగజేబు వద్దకు వెళ్ళి, పాత హక్కులను కొత్త ప్రభువు పేర మళ్ళీ అడగవలసి వచ్చింది. 1690లో కోరమాండల్ ప్రధాన కేంద్రం పులికాట్ నుండి నాగపట్నానికి తరలిపోయింది. కోరమాండల్ డచ్చి వర్తకంపై తపన్ రాయ్‌చౌధురి రచించిన ప్రామాణిక గ్రంథం 1605లో మొదలై ఈ 1690 వద్దనే ఆగడం యాదృచ్ఛికం కాదు.

అయితే కాగితమే సర్వస్వమనడం అతివ్యాప్తి. 1668లో జపాన్ వెండి ఎగుమతిని నిషేధించడంతో ఆసియా అంతర్వర్తకంలో డచ్చివారి ఆధిక్యానికి దెబ్బ తగిలింది. ఐరోపా గిరాకీ బెంగాల్ పట్టు, బట్టల వైపు మళ్ళింది. హావర్ట్ గ్రంథానికీ పరిమితి ఉంది. ఒక్కొక్క వర్తకశాలను వరుసగా వర్ణిస్తూ, దాని అధిపతులను పేర్కొంటూ, సమాధి శాసనాలను కూడా నకలు చేసుకొన్న అతని శ్రద్ధ ప్రధానంగా స్వజనంపైనే నిలిచింది. పతనాన్ని అతడు ఎక్కువగా మనుషుల రాకపోకల్లో చూస్తాడు. పారశీకం తెలిసినవాడు కనుక రాజపత్రం విలువ అతనికి ఇతరులకన్నా బాగా తెలిసి ఉండాలి. ఆ దృష్టితో విశ్లేషణ చేయకపోవడం గ్రంథానికి లోటే.

1690 తరువాత కూడా పాలకొల్లు, జగన్నాథపురం, భీమునిపట్నాల్లో డచ్చి వర్తకం సాగింది. దాని గతిని నిర్ణయించిన రెండవ పత్రం కూడా హైదరాబాద్‌దే. 1765లో మొగలు చక్రవర్తి నుండి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందిన ఇంగ్లీషువారు, 1766 నవంబరు 12న నిజాం అలీ ఖాన్‌తో సంధి చేసుకొని ఆ హక్కును స్థిరపరచుకొన్నారు. డచ్చివారు వర్తకానికి అనుమతిపత్రం కోరుతూ వచ్చారు. ఇంగ్లీషువారు శిస్తు వసూలు పత్రం సంపాదించారు. అప్పటినుండి డచ్చి వర్తకశాల చుట్టూ ఉన్న నేతగాడు ఇంగ్లీషు పాలనలోని రైయతు. అతనికి ఇచ్చే బయానా, అతని మగ్గం మీది బట్ట, రెండూ పాలకుల అదుపులోకి వచ్చాయి. పోటీ వర్తకుడే సర్కారు అయినచోట ఉద్యోగులు ఎంత నిజాయితీపరులైనా ఆ వర్తకం నిలిచేది కాదు. 1824లో లండన్‌లో జరిగిన ఒడంబడికతో భారతదేశంలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువారికి దక్కాయి. 1825లో భీమునిపట్నం చేతులు మారింది. ఆ కాగితానికి హైదరాబాద్ ముద్ర అవసరం లేకపోయింది.