దోషాల గది

ఆనకట్టల చరిత్ర చూపే మ్యూజియాలంటే నాకు ఇష్టం. ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో నమూనాల ముందు నిలబడితే, 1847–52 మధ్య గోదావరికి అడ్డంగా అంత రాయి ఎలా పేర్చారో ఇట్టే బుర్రకెక్కుతుంది. కానీ బెజవాడలోని మా గుణదల నుంచి వెళ్లినవాడికి అక్కడో సందేహం పుడుతుంది. నీళ్లు పారించిన పనికి ఇంత గౌరవం చేశాం, నీళ్లు దింపే పనికో?

డెల్టా రైతు లెక్కలో పంట కాలువ, మురుగు కాలువ జోడెడ్లు. ఒకటి తడి పెడుతుంది, రెండోది ముంపు తీస్తుంది. మురుగు కాలువ పూడిపోయి గుర్రపుడెక్క అల్లుకుంటే ఊడ్చిన చేను కుళ్లుతుంది. అయినా శిలాఫలకాలన్నీ మొదటిదానికే. బెజవాడలో 1855 నాటికి కెప్టెన్ ఓర్ కట్టించిన ఆనకట్ట 1952లో తెగిందనీ, 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చిందనీ ఇక్కడ బడిపిల్లలూ చెబుతారు. మైలవరం వైపు కొండల నీళ్లు మోసుకొచ్చే బుడమేరు ఏ పేటల పక్కగా కొల్లేరుకు పోతుందో పెద్దల్నడిగితే తడుముకుంటారు.

2024 సెప్టెంబరు 1న ఆ దారి అందరికీ తెలిసొచ్చింది. బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి, మాకు దగ్గర్లోని సింగ్‌నగర్ నీట మునిగింది. ఆ కాలువ వెళ్లి కలిసే కృష్ణే అప్పుడు పోటు మీదుంది. బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి పాత రికార్డు దాటింది. అంత నీరూ గేట్ల కింద నుంచి సముద్రానికి పోయింది. పేటల్లో చేరిన నీటికే దారి దొరకలేదు, రోజుల తరబడి అక్కడే నిలిచింది.

నీటి పనుల్లో దోషాల్ని కూడా రాసిపెట్టినవాళ్లు పూర్వమే ఉన్నారు. చెరువు తవ్వించినవాడు తన పుణ్యాన్ని రాతి మీద చెక్కించుకోవడం మామూలే. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు చెప్పి, పట్టే 6 దోషాలు కూడా రాసిపెట్టింది. కట్ట నీరు కారడం, చౌడు నేల కావడం, రెండు రాజ్యాల సరిహద్దున పడటం అందులో ఉన్నాయి. ఈ చివరి దోషం ఎంత గట్టిదో ట్రైబ్యునళ్ల చుట్టూ తిరుగుతున్న కృష్ణా నీటిని అడిగితే చెబుతుంది.

బెజవాడలో ఎప్పుడైనా నీటి మ్యూజియం కడితే అందులో దోషాల గది ఒకటి ఉండాలి. బుడమేరు పాత వెడల్పు ఎంత, ఇప్పుడెంత, గండ్లు ఎక్కడ పడ్డాయి, ఏ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి, అన్నీ గోడ మీద గీసి పెట్టాలి. ఇల్లు కొనబోయేవాళ్లు ముందు ఆ గది చూసి, తర్వాత అడ్వాన్సు ఇస్తారు. ప్లాను మంజూరు చేసేవాళ్లను కూడా ఓసారి లోపలికి తీసుకెళ్లడం మంచిది.