ఎవరి గుర్రం వారిదే

పాత ప్లాస్టిక్ రౌతు బొమ్మలు సేకరించేవాళ్లకు గుర్రం దొరికితే సరిపోదు. దాని మీద కూర్చునే మనిషేడీ అంటారు. మనిషి కనబడితే టోపీ ఏదంటారు, టోపీ ఉంటే తుపాకీ ఏదంటారు. 1950లలో అమెరికా టీవీలో వచ్చిన వెస్టర్న్ (కౌబాయ్) కథల బొమ్మల సేకరణ అంతా ఈ జత కుదర్చడంలోనే ఉంది.

'ది లోన్ రేంజర్' 1949లో టీవీకెక్కింది. 1951లో 'ది రాయ్ రోజర్స్ షో', 1955లో 'గన్‌స్మోక్' వచ్చాయి. 1959 నాటికి రాత్రిపూట రెండు డజన్లకు పైగా వెస్టర్న్‌లు నడుస్తుండేవి. మన ప్రేక్షకులు 1971లో 'మోసగాళ్లకు మోసగాడు'లో చూసి ఈలలు వేసిన కౌబాయ్ వేషం అక్కడి పిల్లలకు అప్పటికే ఇంట్లో మనిషంత పరిచయం. ఆ మోజును బొమ్మలుగా మలిచిన కంపెనీల్లో సేకర్తలు పెద్దపీట వేసేది విస్కాన్సిన్ రాష్ట్రంలోని హార్ట్‌లాండ్ ప్లాస్టిక్స్‌కి. లోన్ రేంజర్, అతని నేస్తం టోంటో, రాయ్ రోజర్స్, డేల్ ఎవాన్స్, 'గన్‌స్మోక్' హీరో మార్షల్ మాట్ డిల్లన్, పాలడిన్... అందరూ ఆ అచ్చుల్లోంచి వచ్చినవాళ్లే.

ఆ కథలు చాలావరకు తెరమీద నలుపు తెలుపుల్లోనే కనిపించేవి. రంగులు బొమ్మలో ఉండేవి. రాయ్ రోజర్స్ గుర్రం ట్రిగ్గర్‌ది బంగారు ఒళ్లు, తెల్లటి జూలు. లోన్ రేంజర్ గుర్రం సిల్వర్ తెల్లనిది, టోంటో ఎక్కే స్కౌట్ మచ్చల గుర్రం. టీవీలో బూడిదరంగుగా పరుగెత్తినది పిల్లవాడి చేతిలో అసలు రంగుతో నిలబడేది.

తయారీ పద్ధతి సులువుగానే కనిపిస్తుంది. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో లోహపు అచ్చులోకి ఎక్కిస్తారు. రెండు సగాలుగా వచ్చిన ఒంటిని అతికిస్తారు, ఆపైన రంగులు వేస్తారు. అచ్చు చేయించడం ఖరీదైన పని కాబట్టి ఒకే గుర్రం అచ్చును రంగు మార్చి వేర్వేరు హీరోలకు వాడుకున్నారు. సేకర్త నేర్పు తెలిసేది ఇక్కడే. గుర్రం భంగిమను బట్టి అచ్చు తెలుస్తుంది, ఒంటి రంగునూ జీనునూ బట్టి యజమాని ఎవరో తేలుతుంది. అరవై ఏళ్లలో చేతులు మారుతూ ఒకరి గుర్రం మీద ఇంకొకరు ఎక్కి కూర్చోవడం మామూలే.

ఊడివచ్చే టోపీ, జీను, వేలెడంత కూడా లేని తుపాకీ ముందు పోతాయి. అందుకే గుర్రం, రౌతు బాగా ఉన్నా, అవి లేకపోతే ధర బాగా పడిపోతుంది. ఈ లోటు పూడ్చడానికి కొత్తగా పోతపోసిన తుపాకులూ టోపీలూ అమ్ముతారు. అది మోసమేమీ కాదు, కొత్తదని చెప్పి అమ్మినంత వరకు. అసలు భాగాన్ని గుర్తుపట్టడానికి అచ్చు అంచుల పదును, ప్లాస్టిక్ మెరుపు, రంగు పాతబడిన తీరు పక్కపక్కన పెట్టి చూడాలి.

భద్రపరచడంలో శత్రువులు వేడి, తేమ, ఎండ. సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత బొమ్మ పాడవడం మొదలైతే వెనిగర్ వాసన వేస్తుంది, వంకర తిరుగుతుంది. అలాంటిదాన్ని మిగతావాటి పక్కన ఉంచకూడదు. రంగు వెలిసిందని మళ్లీ పూయడం అంతకన్నా పెద్ద తప్పు. పిల్లవాడు ఆడగా అరిగిన ముక్కు కూడా ఆ బొమ్మ చరిత్రలో భాగమే, కొత్త పూత దాన్ని చెరిపేస్తుంది.

ఈ గుర్రాల మీది మమకారం బొమ్మలతో ఆగలేదు. 1965లో చనిపోయిన ట్రిగ్గర్ చర్మంతో నిలబెట్టిన రూపాన్ని 2010లో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో 2,66,500 డాలర్లకు కొన్నారు. బొమ్మలకు అంత ధర అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవారు అరుదైన బొమ్మల వెంట పడకుండా, లోన్ రేంజర్ లాంటి ఎక్కువగా దొరికేదాన్ని టోపీ, తుపాకీ, జీనుతో సహా నిండుగా ఒకటి కొనడం మేలు. సరైన జత ఎలా ఉంటుందో ఒక్కసారి చేత్తో పట్టి చూస్తే, తప్పు జత ఎంత దూరం నుంచైనా పట్టుబడుతుంది.