అక్షరం దిద్దిన కథ: ‘దిద్దుబాటు’, ‘మాయ’ కథలలో పాఠకుని స్థానం

తెలుగు కథానిక చరిత్రను బోధించేటప్పుడు సాధారణంగా రెండు ప్రశ్నలతో మొదలుపెడతాం. మొదటి కథ ఏది? అందులోని సామాజిక వస్తువు ఏమిటి? మొదటి ప్రశ్న 1902 నాటి భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’, 1910 నాటి గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ మధ్య తేదీల చర్చగా సాగుతుంది. రెండో ప్రశ్నకు సంఘసంస్కరణ, స్త్రీవిద్య, వేశ్యా సమస్య అనే సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. ఈ రెండు ప్రశ్నలూ అవసరమైనవే. అయితే వీటి మధ్య మూడో ప్రశ్న ఒకటి మరుగున పడిపోయింది. కథ తన పాఠకుణ్ణి ఎలా తయారుచేసుకుంది? కథ చదవడం మీద ఇష్టం ఎక్కడ పుడుతుంది, అది రాయడంగా ఏ మలుపులో మారుతుంది అన్నది రచయితల ఆత్మకథలకూ ఇంటర్వ్యూలకూ చెందిన విషయమని విమర్శ దాదాపుగా వదిలేసింది. ఆ ప్రశ్నను కథల లోపలే వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు అనకాపల్లి ప్రాంతంతో సంబంధం ఉన్న ఇద్దరు రచయితలను తీసుకుంటున్నాను. గురజాడ 1862లో జన్మించిన ఎస్.రాయవరం, రావిశాస్త్రిగా ప్రసిద్ధుడైన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) స్వగ్రామమైన తుమ్మపాల, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనే ఉన్నాయి. గురజాడ జీవితం ప్రధానంగా విజయనగరంలోను, రావిశాస్త్రి వృత్తిజీవితం విశాఖపట్నంలోను గడిచాయి. కాబట్టి పుట్టిన ఊరే రచనను నిర్ణయించిందని వాదించడం లేదు. ఇద్దరి చెవినీ తాకిన పలుకు ఒకే ప్రాంతానిది. ఆ పలుకు అచ్చులోకి ఎక్కిన తీరులో యాభై ఏళ్ల తేడా ఉంది. ఆ తేడాయే ఇక్కడ పరిశీలనాంశం.

కమలిని రాసిన కథ

‘దిద్దుబాటు’ ఇతివృత్తం సుపరిచితం. సానిపాట ముగించుకుని అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరిన గోపాలరావుకు భార్య కనబడదు. ఉత్తరం కనబడుతుంది. పుట్టింటికి వెళ్లిపోతున్నానని అందులో ఉంటుంది. అతడు కలత చెందుతాడు, నౌకరు రామునిపై మండిపడతాడు, పశ్చాత్తాపపడతాడు. చివరకు మంచం కింద నుంచి కమలిని నవ్వు వినిపిస్తుంది.

సంస్కరణ దృష్టితో చదివితే ఇది చదువుకున్న భార్య దారితప్పిన భర్తను సరిదిద్దిన కథ. ఆమె సరిదిద్దిన సాధనాన్ని గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. ఆమె ఉపదేశించలేదు, కన్నీరు పెట్టలేదు, పెద్దలను పిలవలేదు. రాసింది. రాసింది కూడా జరిగిన విషయం కాదు. ఆమె పుట్టింటికి వెళ్లలేదు, గదిలోనే ఉంది. అంటే ఆ ఉత్తరం ఒక కల్పన. గోపాలరావు దానికి ఏకైక పాఠకుడు. కమలిని తన పాఠకుణ్ణి చాటు నుంచి గమనిస్తున్న రచయిత్రి.

భర్త అబద్ధాలాడవలసి రావడానికి తాను ఇంట్లో ఉండటమే కారణమని ఉత్తరం వ్యంగ్యంగా ఆరోపిస్తుంది. అబద్ధాన్ని నిలదీసే ఆ ఉత్తరమే వాస్తవం కానిదాన్ని చెబుతోంది. ఇది వైరుధ్యంలా కనిపిస్తుంది. గురజాడ ఇక్కడ అబద్ధానికీ కల్పనకూ గల తేడాను చాలా పొదుపుగా చూపించాడు. గోపాలరావు అబద్ధం ఒక నిజాన్ని దాచడానికి పుట్టింది, బయటపడకుండా ఉంటేనే నిలుస్తుంది. కమలిని కల్పన దాచినదాన్ని బయటపెట్టడానికి పుట్టింది. పని పూర్తికాగానే నవ్వుతో తనను తానే వెల్లడించుకుంది. ఆ నవ్వు లేకపోతే ఉత్తరం మోసమయ్యేది. నవ్వు వల్ల కథ అయింది.

శీర్షికకు ఉన్న రెండో అర్థం కూడా ఇక్కడ పనిచేస్తుంది. తెలుగులో తప్పునూ దిద్దుతాం, అక్షరాలనూ దిద్దుతాం. పలక మీద గురువు రాసిన గీతపై చేయి నడిపించి నేర్చుకోవడం దిద్దడమే. అక్షరం నేర్చిన భార్య రాసిన వాక్యాల మీద గోపాలరావు తన ప్రవర్తనను మళ్లీ దిద్దుకున్నాడు. నేర్పేవారూ నేర్చేవారూ స్థానాలు మార్చుకోవడం కథలోని అసలు సంఘటన.

ఈ చిత్రణను ఆనాటి స్త్రీల పఠనచరిత్రతో కలిపి చూడాలి. 1874లో పుట్టిన అచ్చమాంబకు బడిచదువు లేదు. చిన్నతనంలోనే పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటున్నప్పుడు ఆయన తోడ్పాటుతో చదవడం అలవరచుకుంది. అక్కడి నుంచి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వంటి రచనకు చేరింది. కమలిని పాత్రను గురజాడ ఆదర్శం కోసం ఊహించాడనే అభిప్రాయానికి ఈ జీవితం ఒక సవరణ. చదవడం నుంచి రాయడానికి దాటిన స్త్రీలు ఆ కథకు ముందే తెలుగు సమాజంలో ఉన్నారు.

విన్నవాడు రాసిన కథ

‘దిద్దుబాటు’లో రాముని మాట ఉత్తరాంధ్ర పలుకుబడికి దగ్గరగా ఉంటుంది. కాని ఆ గొంతు అంచున నిలిచింది. దెబ్బలు తిన్నదీ రాముడే, నవ్వు పుట్టించిందీ అతడే. ఉత్తరం చదివే హక్కు అతనికి లేదు. కథ ఒక స్త్రీ చేతికి కలం ఇచ్చింది, సేవకుణ్ణి వాకిట్లోనే ఉంచింది. దీన్ని గురజాడ లోపంగా లెక్కించడం కన్నా, తరువాతి కథకులకు మిగిలిన పనిగా చూడడం ఉపయోగకరం.

ఆ పనిని అందుకున్నవారిలో రావిశాస్త్రి ముఖ్యుడు. ఆయన తత్త్వశాస్త్రం చదివి, న్యాయశాస్త్ర పట్టా పొంది, న్యాయవాదిగా జీవించాడు. 1950ల తొలినాళ్ల ‘అల్పజీవి’ నవలపై జేమ్స్ జాయిస్ చైతన్య స్రవంతి శిల్పం ప్రభావాన్ని విమర్శకులు విస్తారంగా చర్చించారు. చిరుద్యోగి సుబ్బయ్య మనసులోని భయాలను పొరలు పొరలుగా విప్పడానికి ఆ పఠనం తోడ్పడింది. ఇది చదవడం నుంచి రాయడానికి వేసిన మొదటి అడుగు. పుస్తకం మరో పుస్తకానికి దారి ఇచ్చింది.

మద్యనిషేధ చట్టం నేపథ్యంగా వచ్చిన ‘ఆరు సారా కథలు’లో రెండో అడుగు కనిపిస్తుంది. వాటిలో ‘మాయ’ను ఈ చర్చకు కీలకంగా భావిస్తున్నాను. సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మ. ఆమె తరఫున నిలిచినవాడు వృత్తికి కొత్తయిన యువ న్యాయవాది. న్యాయం గురించి పుస్తకాల్లో చదివింది అతడు. అది నడిచే తీరు తెలిసింది ఆమెకు. పోలీసులు, కోర్టు, ప్లీడర్లు, డబ్బు వీటి మధ్య లంకెను ఆమె తన పలుకులో విప్పిచెబుతుంటే అతడు ప్రధానంగా శ్రోతగా మిగులుతాడు. కమలిని ఉత్తరం ముందు గోపాలరావు నిలిచిన స్థానంలోనే ముత్యాలమ్మ మాట ముందు ఈ న్యాయవాది నిలిచాడు. చదువు ఉన్నవాడు దిద్దుకోవలసిన అక్షరం ఈసారి చదువు లేని మనిషి నోట ఉంది.

అందుకే ముత్యాలమ్మ మాండలికాన్ని ‘స్థానిక రంగు’ అనే పేరుతో ముగించడం సరికాదు. ఆ పలుకు అక్కడ అలంకారం కోసం రాలేదు. కోర్టు భాషకు అందని జ్ఞానం ఆ వాక్యనిర్మాణంలో, ఆ ఎత్తిపొడుపులో, ఆ తిరిగితిరిగి వచ్చే పదాల్లో ఉంది. దాన్ని శిష్టభాషలోకి మారిస్తే సమాచారం మిగులుతుంది, వాదన పోతుంది. రాముని మాటకు యాభై ఏళ్ల క్రితం దక్కని బరువు ముత్యాలమ్మ మాటకు దక్కింది.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. ముత్యాలమ్మ గొంతును రాసినవాడు కూడా న్యాయవాదే కదా, ఆమె చేతికి కలం ఎక్కడ వచ్చింది? ఈ అభ్యంతరం న్యాయమైనదే. ‘మాయ’ వినడాన్ని సాధించింది గాని రచనాధికారాన్ని బదిలీ చేయలేదు. ఆ విషయంలో మంచం కింద నుంచి నవ్విన కమలినికే ముత్యాలమ్మ కన్నా ఎక్కువ స్వాతంత్ర్యం ఉంది. రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఒక్కొక్కటి మరొకదాని పరిమితిని చూపిస్తుంది.

బోధనకు సంబంధించి

ఈ పరిశీలన తరగతి గదికి నేరుగా సంబంధించింది. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో, పరిసర గ్రామాల సంతల్లో రోజూ వినిపించే పలుకు ఇంటిభాషగా ఉన్న విద్యార్థి, తన మాట ‘యాస’ అని, అచ్చుకు తగనిదని నమ్మే తరగతి గదికి వస్తాడు. అతనికి ‘దిద్దుబాటు’ను ఒక తేదీగా, ‘మాయ’ను ఒక ఉద్యమ దశకు ఉదాహరణగా అందిస్తే పరీక్షకు పనికివస్తాయి. ముత్యాలమ్మ వాదనను గొంతెత్తి చదివించి, ఏ వాక్యం దగ్గర న్యాయవాది మౌనం వహించాడో గుర్తించమంటే ఫలితం వేరుగా ఉంటుంది. తన నాయనమ్మ మాట్లాడే తీరులో ఒక వాదనాక్రమం ఉందని అతడు మొదటిసారి గమనించవచ్చు. కథ మీద ఇష్టం చాలామందిలో ఇటువంటి గుర్తింపుతోనే మొదలవుతుంది. రాయాలన్న కోరిక దాని వెంటే వస్తుంది.

కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం తెలుగు కథలను ఒకచోట చేర్చి పరిశోధకుల పని సులభం చేసింది. కథల లభ్యత అక్కడ సమకూరింది. వాటికి పాఠకులను సమకూర్చడం తెలుగు శాఖల వంతు. పాఠ్యప్రణాళికలో కథానిక పత్రానికి ఆవిర్భావ వికాసాలతో పాటు, ఒక్కొక్క కథలో ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు, విన్నాక ఎవరు మారారు అన్న మూడు ప్రశ్నలను ప్రత్యేక అంశంగా చేర్చడం సాధ్యమే. విద్యార్థి రాసిన ఒక కథను, తన ఇంటి పలుకులో రాసినదాన్ని, ఆ పత్రంలో భాగంగా స్వీకరించడం దానికి సహజమైన కొనసాగింపు.