ద్వ్యర్థి తీర్మానం

భద్రతామండలి తీర్మానాల్ని ఎవరూ సాహిత్యంగా చదవరు. చదవక్కర్లేదు కూడా, చాలా మటుకు ఒకే మూసలో పోసినట్టుంటాయి. కానీ 1967 నవంబర్ 22న ఏకగ్రీవంగా నెగ్గిన 242వ తీర్మానాన్ని మాత్రం పద్యం చదివినట్టు మాటమాటా పట్టి చదవాలి.

ఆ జూన్‌లో జరిగిన ఆరు రోజుల యుద్ధంలో సినాయ్, గాజా, వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గోలాన్ గుట్టలు ఇజ్రాయెల్ చేతిలోకి వెళ్ళాయి. సేనలు ఎక్కణ్ణుంచి వెనక్కి పోవాలి? ఇంగ్లీషు పాఠంలో 'ఫ్రమ్ టెరిటరీస్' అని ఉంది, 'ది' లేదు. అన్నిటి నుంచీ పొమ్మనలేదుగా అంటుంది ఇజ్రాయెల్. ఫ్రెంచి పాఠంలో 'దే టెరిటువార్' అని ఉంది. ఆ 'దే'లో ఇంగ్లీషు 'ది'కి సాటి వచ్చే 'లే' కలిసిపోయి ఉంటుంది. కాబట్టి ఆక్రమించినవన్నీ వదలాల్సిందేనని అరబ్ దేశాల వాదన.

ఇదే తెలుగులో రాసి చూడండి: 'ఇటీవలి ఘర్షణలో ఆక్రమించిన ప్రాంతాల నుంచి.' తగువే లేదు! 'అన్ని' అనో 'కొన్ని' అనో చేరిస్తే తప్ప మన వాక్యం ఏదీ తేల్చదు. (బడిలో 'ఎ, ఆన్, ది' ఖాళీలు విసుక్కుంటూ పూరించే పిల్లలకి ఈ తీర్మానం చూపించాలి.)

ఇది పొరపాటున జారిపోయిన మాట కాదు. ముసాయిదా బ్రిటన్ ప్రతినిధి లార్డ్ కారడన్‌ది. 'అన్ని' అని చేర్పించాలన్న ప్రయత్నాలు నెగ్గలేదు. 'ది'ని కావాలనే వదిలామని, పాత సరిహద్దు సరైంది కాదని తర్వాత ఆయనే చెప్పాడు. మా సాఫ్ట్‌వేర్‌లో రెండర్థాలొచ్చేలా రిక్వైర్‌మెంట్ రాస్తే తిట్లు పడతాయి. ఇక్కడ ఆ రెండర్థాలే లేకపోతే పదిహేను ఓట్లూ పడేవి కావేమో.

పింగళి సూరన రాఘవపాండవీయం గుర్తొస్తుంది. ఒకే పద్యంలో రామకథా భారతకథా నడుస్తాయి, రెండూ ఒకేసారి వినపడ్డమే అక్కడి ఆనందం. 242 పాఠకులు మాత్రం ఎవరి కథ వాళ్ళు చదువుకుని రెండోది లేనే లేదంటారు. కక్షిదారులు మరి, సహృదయులు కారు. నామటుకు నాకు ఫ్రెంచి అర్థమే న్యాయంగా తోస్తుంది. యుద్ధంతో భూభాగం సంపాదించడం సమ్మతం కాదని పీఠికలోనే ఉన్నప్పుడు, కింద ఒక చిన్న మాట లేదని దాన్ని కొట్టిపారేయడం మంచి పఠనం కాదు. 'సురక్షితమైన, గుర్తింపు పొందిన సరిహద్దులు' అన్న మాట కూడా అందులోనే ఉందనీ, అది రెండో పక్షానికి పట్టు ఇస్తుందనీ ఒప్పుకోవాలి.

అయితే నన్ను ఇంతకంటే ఇబ్బంది పెట్టే ఖాళీ ఇంకోటుంది. ఈ తీర్మానంలో 'పాలస్తీనా' అన్న మాటే లేదు. 'శరణార్థుల సమస్యకు న్యాయమైన పరిష్కారం' అని ఉంది, అంతే. ఏ శరణార్థులు? ఎవరి వాళ్ళు? ఒక ప్రజ హక్కుల్ని శరణార్థుల సమస్యగా కుదించారన్నది పి.ఎల్.ఓ. ప్రధాన అభ్యంతరం. ఆ సంస్థ 242ని ఒప్పుకునేసరికి 1988 వచ్చింది. 'ది' గురించి వాదించేవాళ్ళకి కనీసం పక్కన పెట్టి చూపించడానికి ఫ్రెంచి పాఠముంది. ఈ పేరు విషయంలో ఫ్రెంచి పాఠానికీ ఇంగ్లీషు పాఠానికీ ఏ తేడా లేదు.