వినోబా ‘గీతా ప్రవచనాలు’: వికర్మ వ్యాఖ్యానం - నిత్యజీవితాన్వయం

వ్యాససంగ్రహం:
పవిత్రగ్రంథాన్ని నిత్యజీవితానికి అన్వయించడమంటే అందులోని నీతిని గ్రహించి ఆచరించడమేనా, గ్రంథపదాలకు అర్థనిర్ణయం చేయడం కూడా అందులో భాగమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ‘గీతా ప్రవచనాలు’లో ఆచార్య వినోబా భావే ‘వికర్మ’ పదానికి చెప్పిన అర్థాన్ని శంకర, రామానుజ భాష్యాలతో పోల్చి, ఆ అర్థం వల్ల సాధకుడికి కలిగిన ప్రయోజనాన్నీ, మిగిలిన లోటునూ నిర్ధారించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: భగవద్గీత, వినోబా, వికర్మ, స్వధర్మం, దానం, భూదానం.

1. ఉపోద్ఘాతం:
వినోబా 1932 ఫిబ్రవరి 21 నుండి జూన్ 19 వరకు ధూళే జైలులో 18 ఆదివారాలు, వారానికొక అధ్యాయం చొప్పున, మరాఠీలో గీతపై ప్రసంగించారు. సహఖైదీగా ఉన్న సానే గురూజీ వాటిని రాసిపెట్టడం వల్ల అవి గ్రంథరూపం పొందాయి. తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి అనువదితమయ్యాయి. శ్రోతలు ఖైదీలు. పనిని ఎంచుకునే స్వేచ్ఛ వారికి లేదు. కనుక ఏ పని చేయాలన్న దానికంటే, ఉన్న పనిని ఎలా చేయాలన్నదే వారికి ఎక్కువ అవసరమైన ప్రశ్న. ప్రవచనాల అన్వయదృష్టిని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం ముఖ్యం.

2. వికర్మ - మూడు అర్థాలు:
గీత నాల్గవ అధ్యాయం 17వ శ్లోకం కర్మ, వికర్మ, అకర్మ అనే మూడింటినీ తెలుసుకోవాలని చెబుతుంది. శంకరుల భాష్యంలో వికర్మ అంటే శాస్త్రం నిషేధించిన కర్మ. రామానుజుల భాష్యంలో అది నిత్య, నైమిత్తిక, కామ్యాది రూపాల్లో వైవిధ్యం పొందిన కర్మ. వినోబా దృష్టిలో అది విశేష కర్మ, అంటే బాహ్యకర్మకు తోడుగా లోపల సాగే మనోవ్యాపారం. ‘వి’ అనే ఉపసర్గను ఒకరు విరుద్ధార్థంలో, ఒకరు వివిధార్థంలో, ఒకరు విశేషార్థంలో గ్రహించారు.

వినోబా అర్థానికి మూలంలో అవకాశం ఉందా? 18వ శ్లోకం కర్మ, అకర్మలను మాత్రమే ప్రస్తావించి వికర్మను వివరించకుండా విడిచింది. ఆ ఖాళీయే భాష్యకారుల భేదానికి మూలం. అయితే 16వ శ్లోకం ఈ జ్ఞానం వల్ల అశుభం నుండి విముక్తి కలుగుతుందని చెబుతున్నందున, నిషిద్ధకర్మ అనే అర్థానికే సందర్భబలం ఎక్కువ. వినోబా వ్యాఖ్య అసాధ్యం కాదు గాని, మూడింటిలో అది సాధకుడి అవసరం నుండి పుట్టిన అర్థమని ఒప్పుకోవాలి.

3. అన్వయ పద్ధతి:
శివలింగంపై నీటిధార పడుతున్నప్పుడు మనసులోని ధార కూడా పడకపోతే ఆ అభిషేకం వట్టి యాంత్రిక క్రియ అవుతుందని వినోబా వివరిస్తారు. బిడ్డ వీపు నిమిరే తల్లి చేయి చేసేది చాలా చిన్న పని. దానికి బలాన్నిచ్చేది ఆమె హృదయం. కర్మకు ఇలా వికర్మ తోడైతే కర్మభారం తొలగి అది అకర్మ అవుతుందని ఆయన సిద్ధాంతం.

ఇందులో గమనించవలసిన విశేషం, ఆయన ధ్యానానికి వేరే వేళను, వేరే స్థలాన్ని కేటాయించకపోవడం. ఆత్మపరిశీలన పనిలోనే జరగాలి. గ్రంథపఠనానికీ దినచర్యకూ మధ్య ఉన్న ఎడాన్ని ఈ ఒక్క పదవ్యాఖ్యతో ఆయన తొలగించారు. ప్రవచనాలు పండితులను దాటి సామాన్య పాఠకులను చేరడానికి ఇది ప్రధాన కారణం.

4. వ్యాఖ్యానంలోని లోటు:
వికర్మకు శంకరులు చెప్పిన అర్థంలో ఒక హద్దు ఉంది. ఈ పని అసలు చేయదగినదేనా అన్న ప్రశ్నకు అక్కడ ఒక పేరు ఉంది. వికర్మ మనోవ్యాపారమైనప్పుడు ఆ పేరు తొలగిపోతుంది. శ్రద్ధ కర్తను శుద్ధి చేయవచ్చు గాని, పనిలోని న్యాయాన్యాయాలను నిర్ణయించలేదు. నేడు ఉద్యోగుల శిక్షణ తరగతుల్లో గీతను ఏకాగ్రతా పాఠంగా బోధిస్తున్నప్పుడు ఈ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పని స్వభావం, వేతనం, యాజమాన్య బాధ్యత చర్చకు రాకుండానే పాఠం పూర్తవుతుంది.

వినోబా ఈ లోటును స్వధర్మంతో పూరించారు. వికర్మ తోడు కావలసింది స్వధర్మరూపమైన కర్మకే. అయితే స్వధర్మం వెతికితే దొరికేది కాదని, పుట్టుకతో, పరిసరాలతో సహజంగా సంక్రమించేదని రెండవ అధ్యాయ ప్రవచనంలో చెప్పారు. తల్లిదండ్రుల సేవకు ఈ నిర్వచనం చక్కగా సరిపోతుంది. పరుల పొలంలో కూలి చేయడమే పుట్టుకతో సంక్రమించిన మనిషికి మాత్రం ఇది సమాధానం కాదు.

5. దానం - పోచంపల్లి పరీక్ష:
ఆ సమాధానానికి దగ్గరగా వచ్చేది 17వ అధ్యాయ ప్రవచనం. యజ్ఞం ప్రకృతికి, దానం సమాజానికి, తపస్సు శరీరానికి కలిగిన క్షయాన్ని పూరించే సాధనాలని అక్కడ వివరించారు. ఆ దృష్టిలో దానం దాత ఔదార్యం కాక ఋణవిమోచనం అవుతుంది.

తెలంగాణలో సాయుధ పోరాటం ఇంకా ముగియని 1951లో, ఏప్రిల్ 18న, పోచంపల్లిలో భూమిలేని దళిత కుటుంబాలు వినోబాను 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. పందొమ్మిదేళ్ల క్రితం జైలులో చెప్పిన అర్థానికి ఇక్కడ కార్యరూపం లభించింది. భూదాన ప్రచారంలో దానానికి ‘సంవిభాగం’ అనే శంకరభాష్యార్థాన్ని వినోబా ఆధారం చేసుకున్నారు. వికర్మ విషయంలో శంకరులను విడిచిన వ్యాఖ్యాత దానం విషయంలో వారినే ఆశ్రయించడం గమనార్హం.

అయితే ఆ భాష్యంలో సంవిభాగానికి ‘యథాశక్తి’ అనే విశేషణం కూడా ఉంది. శక్తిని కొలిచేది ఎవరు? ఐదుగురు కొడుకులుంటే తనను ఆరవవాడిగా భావించి ఆరవ వంతు ఇమ్మని అడగడంలో, ఆ కొలతను దాత ఇష్టానికే వదలకూడదన్న వినోబా ప్రయత్నం కనిపిస్తుంది. కాని నిర్ణయం చివరికి దాతదే. 5 కోట్ల ఎకరాల లక్ష్యం నెరవేరలేదు. వచ్చిన భూమిలో చాలా భాగం సాగుకు పనికిరానిదో, వివాదాల్లో ఉన్నదో కావడంతో పంపిణీ వెనుకబడింది. అంతరంగశుద్ధిపై ఆధారపడిన అన్వయానికి బయటి హామీ లేకపోతే ఏమవుతుందో ఈ ఫలితం చూపింది.

6. ముగింపు:
వినోబా ప్రవచనాలను మూలభ్రంశమని తోసిపుచ్చడం గాని, అనుభవసత్యమని పరీక్ష లేకుండా అంగీకరించడం గాని సరైన విమర్శ కాదు. పవిత్రగ్రంథాల అన్వయాన్ని పరిశోధించేవారు మూడు అంశాలు చూడాలి. అన్వయానికి ఆధారమైన పదార్థానికి మూలంలో ఎంత చోటుంది? ఆ అర్థం ఎవరి స్థితి నుండి పుట్టింది? దాని ఫలితాన్ని కర్త కాక ఇతరులు ఎలా కొలుస్తారు? వికర్మ వ్యాఖ్య రెండవ ప్రశ్నకు నిజాయితీగా నిలుస్తుంది, మొదటి దానికి పాక్షికంగా నిలుస్తుంది. మూడవ ప్రశ్నకు జవాబు ఆ పదంలో లేదు. దాన్ని దానవ్యాఖ్యలో వెతికిన వినోబా జైలు నుండి పల్లెకు నడిచారు. ఆ నడక ఆగిన చోటు నుండి చర్చను కొనసాగించడం నేటి గీతాధ్యయనం బాధ్యత.